ఆర్థికానికి ఎవరు, భద్రతకు ఎవరు: అమెరికా సర్వేల్లో ‘నమ్మకం’ అంకెను చదివే పద్ధతి

అడిగిన ప్రశ్న ఇది: “అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా, ఫలానా అభ్యర్థిని ఆర్థిక వ్యవస్థ విషయంలో ఇంత శాతం నమ్ముతున్నారు, దేశభద్రత విషయంలో ఇంత శాతం నమ్ముతున్నారు అని సర్వేలు వస్తాయి. వీటిని బట్టి ఎవరు గెలుస్తారో చెప్పొచ్చా? చెప్పలేకపోతే ఇవి దేనికి?”

ఎవరు గెలుస్తారో ఇవి చెప్పలేవు. ఓటు ఎటు నుంచి ఎటు జారే వీలుందో చెబుతాయి, అదేమీ చిన్న సంగతి కాదు. కాకపోతే భద్రత అంకెనూ ఆర్థికం అంకెనూ ఒకే గాటన కట్టి చదివితే రెండూ తప్పుదోవ పట్టిస్తాయి. భద్రత గడప లాంటిది. అభ్యర్థి దాన్ని దాటాడా లేదా అన్నదే ఓటరు చూస్తాడు, దాటాక ఎన్ని అడుగులు లోపలికి వేశాడన్నది అంతగా పట్టించుకోడు. ఆర్థికం తక్కెడ లాంటిది. అక్కడ ఇద్దర్నీ చెరో సిబ్బిలో పెట్టి తూస్తాడు, పైగా అధికారంలో ఉన్న పార్టీ సిబ్బిలో నాలుగేళ్ల ధరలూ జీతాలూ కూడా పడతాయి. ఈ తేడా పట్టుకుంటే మిగిలేది చాలామటుకు లెక్కే.

భద్రతతో మొదలుపెడదాం. దీనికి 2004 ఎన్నికను మించిన పాఠం లేదు. అధికారంలో ఉన్న రిపబ్లికన్ జార్జ్ డబ్ల్యూ. బుష్, డెమోక్రాట్ జాన్ కెరీల పోటీ అది. సెప్టెంబర్ 11 దాడులు జరిగి మూడేళ్లయింది, ఇరాక్‌లో యుద్ధం నడుస్తోంది. ఆ ఏడాది ఎగ్జిట్ పోల్‌లో ఉగ్రవాదం గురించి “ఇద్దరిలో ఎవరు మేలు” అని అడిగి ఊరుకోలేదు. బుష్‌ను నమ్ముతారా, అవునా కాదా. కెరీని నమ్ముతారా, అవునా కాదా అని విడివిడిగా లెక్క తీశారు. బుష్‌కు 58 శాతం అవునన్నారు. కెరీకి 40 శాతం. ఆర్థికం మీద అదే తీరున అడిగితే ఇద్దరిలో ఎవరికీ సగం మంది నుంచి అవును రాలేదు. చివరికి పడ్డ ఓట్లు బుష్‌కు 50.7 శాతం, కెరీకి 48.3 శాతం.

ఇప్పుడు నమ్మకాన్నీ ఓటునూ పక్కపక్కన పెట్టండి. ఉగ్రవాదం విషయంలో బుష్‌ను నమ్మినవాళ్లు 58, ఓటేసినవాళ్లు 51 లోపు. అంటే నూటికి ఏడుగురైనా నమ్మి కూడా ఓటు ఇంకొకరికి వేశారు. కెరీ వైపు తిరగేసి చూడండి: నమ్మినవాళ్లు 40, ఓటేసినవాళ్లు 48 దాటారు. ఉగ్రవాదం విషయంలో ఈయన్ని నమ్మలేం అనుకుంటూనే ఆయనకు ఓటేసినవాళ్లు నూటికి కనీసం ఎనిమిది మంది. కెరీ ఓటర్లలో ఆరుగురికి ఒకరన్నమాట. కనీసం అని ఎందుకంటున్నానంటే, ఆ 40లో ఇద్దర్నీ నమ్మి చివరికి బుష్‌కే వేసినవాళ్లూ ఉంటారు, వాళ్లను తీసేస్తే ఖాళీ ఇంకా పెరుగుతుంది.

గడప దాటని అభ్యర్థి పరిస్థితి ఇలా ఉంటుంది. పూర్తిగా మునిగిపోడు, కానీ గెలవడానికి కావలసిన ఆఖరి మూడు నాలుగు శాతం చేతికందదు. ఒహాయో రాష్ట్రంలో బుష్ ఆధిక్యం సుమారు 1,18,000 ఓట్లు. అమెరికాలో అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీగా లెక్కపెట్టే ఎలక్టోరల్ ఓట్లు. ఆ ఒక్క రాష్ట్రంలోని 20 అటు తిరిగుంటే కెరీయే అధ్యక్షుడు. “ఇద్దరిలో ఎవరు మేలు” అన్న ఒంటి ప్రశ్నే అడిగుంటే కెరీ వెనకబడ్డాడని తెలిసేది గానీ, గడప బయటే నిలబడ్డాడని తెలిసేది కాదు. వెనకబడి కూడా గడప దాటినవాడికి ప్రమాదం లేదు. అందుకే సర్వే చేతికి రాగానే మొదట చూడాల్సింది నమ్మకం ప్రశ్నను విడివిడిగా అడిగారా, పోల్చి అడిగారా అని. విడివిడిగా అడిగితే నాలుగు గళ్లు దొరుకుతాయి: ఇద్దర్నీ నమ్మేవాళ్లు, ఒకర్నే నమ్మేవాళ్లు, రెండో వ్యక్తినే నమ్మేవాళ్లు, ఎవర్నీ నమ్మనివాళ్లు. అసలు కథ మొదటి గడిలోనూ చివరి గడిలోనూ ఉంటుంది. ఇద్దర్నీ నమ్మేవాడు భద్రతను పక్కనపెట్టి ఇంకో కారణంతో ఓటేస్తాడు. ఎవర్నీ నమ్మనివాడు ఇంట్లో కూర్చోవచ్చు, లేదా ఉన్నవాణ్ణి దింపెయ్యడానికే వెళ్లొచ్చు. పోల్చి అడిగే ప్రశ్న ఈ ఇద్దర్నీ బలవంతంగా ఏదో ఒక వైపుకి తోసేస్తుంది.

గడప అనే మాట ఊరికే వాడలేదు. 1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రచారం ప్రత్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ మీద చేసిన పనంతా ఆ గడపకు తలుపు వెయ్యడమే: చిన్నపిల్ల పూరేకులు లెక్కపెడుతుంటే అది అణుబాంబు కౌంట్‌డౌన్‌గా మారిపోయే ప్రకటనను డబ్బు కట్టి ప్రసారం చేసింది ఒక్కసారే, అదీ సెప్టెంబర్ 7న. మిగతా ప్రచారం వార్తా ప్రసారాలే ఉచితంగా చేసిపెట్టాయి. 1980లో అధ్యక్షుడు కార్టర్ వర్గం ప్రత్యర్థి రీగన్ మీద అదే ఎత్తు వేసింది, ఈయన చేతికి అణ్వాయుధాలు ఇస్తారా అని. అక్టోబర్ 28న క్లీవ్‌లాండ్‌లో జరిగిన డిబేట్‌లో రీగన్ నింపాదిగా, నవ్వుతూ నిలబడేసరికి ఆ భయానికి బలం తగ్గింది. గడప దాటాడు. దాటిన మరుక్షణం తక్కెడ ముందుకొచ్చింది: “నాలుగేళ్ల కిందటికంటే ఇప్పుడు మీ పరిస్థితి మెరుగ్గా ఉందా?” అన్న ప్రశ్నను ఆ రాత్రే ముగింపులో సంధించాడు. ఆ ఏడాది ద్రవ్యోల్బణం సగటున 13.5 శాతం. వారం తర్వాత ఫలితం: రీగన్‌కు 489 ఎలక్టోరల్ ఓట్లు, కార్టర్‌కు 49. డిబేట్‌లో ఆ రెండూ ఒకే గంటన్నరలో జరగడం రీగన్ అదృష్టమో నేర్పో, రెండూనేమో.

గడప దాటిన తర్వాత అదనపు నమ్మకం ఎందుకూ కొరగాదనడానికి 1992 సాక్ష్యం. గల్ఫ్ యుద్ధం ముగియగానే, 1991 మార్చి నాటికి పెద్ద బుష్ (2004 బుష్ తండ్రి, అప్పటి అధ్యక్షుడు) పనితీరుకు గ్యాలప్ సంస్థ సర్వేలో 89 శాతం ఆమోదం. భద్రత మీద అంతటి ఆస్తి ఉన్న అధ్యక్షుడు ఇరవై నెలలు తిరక్కుండానే 37.4 శాతం ఓట్లతో ఓడిపోయాడు. గెలిచిన క్లింటన్‌కు 43, ఏ పార్టీ లేకుండా నిలబడ్డ రాస్ పెరోకు 18.9. ఇక్కడ చాలామంది మరిచిపోయే వివరం ఒకటుంది. మాంద్యం 1991 మార్చిలోనే ముగిసింది. కానీ ముగిసిందని అధికారికంగా తేల్చే సంస్థ ఆ మాట ప్రకటించింది 1992 డిసెంబర్‌లో, అంటే ఎన్నిక అయిపోయిన నెలన్నరకు. ఈలోగా నిరుద్యోగం పెరుగుతూనే పోయి 1992 జూన్‌లో 7.8 శాతానికి చేరింది. ఆర్థికవేత్త లెక్కలో కోలుకున్న దేశం ఓటరు లెక్కలో ఇంకా జబ్బుగానే ఉంది. ఉత్పత్తి ముందు లేస్తుంది, ఉద్యోగాలు నెలల తర్వాత లేస్తాయి. ఓటరు చూసేది ఉద్యోగాన్ని.

ఇదే చిక్కు 2024లో ఇంకో రూపంలో వచ్చింది. ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతం దాకా పోయి, 2024 అక్టోబర్‌కల్లా 2.6కి దిగింది. అధికార పక్షం దిగిన అంకెను చూపిస్తూ వచ్చింది. కానీ ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు పెరిగే వేగం తగ్గడం, ధరలు తగ్గడం కాదు. నాలుగేళ్లలో పెరిగిన మొత్తం సుమారు 20 శాతం అలాగే కూర్చుంది. గుడ్ల ట్రే మీద, అద్దె రసీదు మీద కనబడేది ఆ మొత్తమే. నాలుగేళ్ల కిందటికంటే ఇంటి ఆర్థిక పరిస్థితి దిగజారిందని ఎగ్జిట్ పోల్‌లో చెప్పినవాళ్లు 45 శాతం పైమాటే, బాగుపడిందన్నవాళ్లు 24 శాతం. ఆర్థికం మీద నమ్మకం ట్రంప్‌కు 52 దాకా, హ్యారిస్‌కు 46. ఓటు 49.8, 48.3. ఇక్కడా నమ్మకం అంకె ఓటు అంకెను దాటే ఉంది. ఆధిక్యంలో ఉన్నవాడికి ఈ అంకెను పైకప్పు అనుకోండి. 2004లో ఆర్థికం మీద బుష్‌కు జరిగినట్టు దాన్ని దాటి ఓట్లు రావడమూ ఉంది గానీ, దానికి అడుగున ఆగడమే ఎక్కువ.

ఇక “భద్రత” అనే మాట సంగతి. సర్వేల్లో ఇది ఒక మాట కాదు, ఒక సంచి. ఉగ్రవాదం, యుద్ధం, సరిహద్దు, నేరాలు, విదేశాంగం, సైన్యాధిపతిగా పనికొస్తాడా లేదా అన్నది, ఇవన్నీ ఆ సంచిలోవే, ఒక్కోదానికి జవాబు ఒక్కో రకం. మళ్లీ 2004కే వెళదాం. నీ ఓటుకు ముఖ్య కారణం ఏమిటి అంటే ఉగ్రవాదం అన్నవాళ్లు 19 శాతం, ఇరాక్ అన్నవాళ్లు 15 శాతం. ఉగ్రవాదం అన్నవాళ్లలో 86 శాతం బుష్‌కు వేశారు. ఇరాక్ అన్నవాళ్లలో 73 శాతం కెరీకి వేశారు. రెండూ భద్రతే! రెంటినీ కలిపి 34 శాతం మంది “భద్రత ఓటర్లు” అని రాసి చూడండి, సుమారు 59–40తో బుష్ ముందున్నట్టు వస్తుంది. లెక్క తప్పు కాదు. అటూ ఇటూ లాగుతున్న రెండు గుంపుల్ని కలిపి సగటు తీస్తే, అసలు లేని మూడో గుంపు ఒకటి పుడుతుందంతే.

విడదీస్తే ఎలా మోసం జరుగుతుందో కూడా అదే జాబితా చూపిస్తుంది. ఆ ఏడాది “నైతిక విలువలు” 22 శాతంతో జాబితాలో పైన నిలిచింది. ఎన్నికను మత విశ్వాసమే నిర్ణయించిందని వారాల తరబడి వ్యాఖ్యానాలు నడిచాయి. కానీ ఆర్థికం 20, పన్నులు 5 అని ఆర్థికాన్ని రెండు ముక్కలు చేశారు, భద్రతను రెండు ముక్కలు చేశారు, విలువల్ని మాత్రం ఒకే గంపలో ఉంచారు. ముక్కల్ని అతికిస్తే భద్రత 34, ఆర్థికం 25, విలువలు 22. మొదటి స్థానం మూడో స్థానమైపోయింది, ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోకుండానే.

జాబితా ఎవరు రాశారు, అందులో ఏమేం ఉన్నాయి అన్నది చూడకుండా “ఆర్థికం ఓటర్లు ఇటు పోయారు” అనే వాక్యం నమ్మొద్దని నేను పదేపదే చెప్పేది ఇందుకే. 2016 ఎగ్జిట్ పోల్‌లో ఇచ్చినవి నాలుగే ఎంపికలు: విదేశాంగం, వలసలు, ఆర్థికం, ఉగ్రవాదం. ఆర్థికాన్ని ఎంచుకున్న 52 శాతంలో హిల్లరీ క్లింటన్‌కు సుమారు పది పాయింట్ల ఆధిక్యం. 2020లో ఆర్థికాన్ని ఎంచుకున్నవాళ్లు 35 శాతం, వాళ్లలో ట్రంప్‌కు 83, బైడెన్‌కు 17. నాలుగేళ్లలో ఆర్థికం ఓటర్లు అంత గట్టిగా పార్టీ మార్చారా? లేదు. 2016 జాబితాలో వైద్యం లేదు, జాతి వివక్ష లేదు. డెమోక్రాట్ ఓటరు పెన్ను పెట్టడానికి చోటు లేక ఆర్థికం దగ్గర పెట్టాడు. 2020లో జాతి వివక్ష, కరోనా, వైద్యం వచ్చి చేరాయి, అతను అటు వెళ్లిపోయాడు. ఆర్థికం గడిలో మిగిలింది ఎక్కువగా రిపబ్లికన్లు. అదే 2020లో ఓటర్లందరినీ “ఆర్థికాన్ని ఎవరు మెరుగ్గా నడుపుతారు” అని సూటిగా అడిగితే 49–49, సరిసమానం. ఒకే రోజు, ఒకే సర్వే, ఒకే మాట. ఒక ప్రశ్నకు 83–17, ఇంకో ప్రశ్నకు 49–49. శీర్షిక రాసేవాడు ఏది తీసుకుంటే అది వార్త.

2024లో రెండు పెద్ద సర్వేల మధ్యే ఈ తేడా వచ్చింది. టీవీ సంస్థల ఎగ్జిట్ పోల్‌లో ప్రజాస్వామ్యం 34 శాతంతో మొదటిది, ఆర్థికం ఒకట్రెండు పాయింట్లు వెనక. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ల వోట్‌కాస్ట్ సర్వేలో ఆర్థికం, ఉద్యోగాలు సుమారు 39 శాతం, వలసలు 20 శాతం. రెండో దాంట్లో ప్రజాస్వామ్యం ఆ జాబితాలోనే లేదు, దాన్ని విడిగా అడిగారు.

ఇప్పుడు నమ్మకాన్ని బరువుతో గుణించే పని. ఒక అంశం మీద ఎంత ఆధిక్యం ఉన్నా, ఆ అంశాన్ని ముఖ్యమనుకునేవాళ్లు ఎందరో తెలియకపోతే దానికి విలువ లేదు. ఉగ్రవాదమే ముఖ్యమన్నవాళ్లలో 2004లో బుష్‌కు 86 శాతం అని చూశాం. 2008లో రిపబ్లికన్ అభ్యర్థి మెక్‌కెయిన్‌కూ అచ్చంగా 86 శాతమే. నమ్మకం వీసమెత్తు తగ్గలేదు. కానీ ఆ గుంపు 19 శాతం నుంచి 9 శాతానికి కుదించుకుపోయింది, ఆర్థికం 63 శాతానికి ఉబ్బింది. సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసిన రోజే మెక్‌కెయిన్ మన ఆర్థిక పునాదులు గట్టిగానే ఉన్నాయని సభలో అన్నాడు. ఆ నెల మొదట్లో, పార్టీ మహాసభ తర్వాత సర్వేల్లో ముందుకొచ్చిన మనిషి, ఆ పైన మళ్లీ కోలుకోలేదు. భద్రత మీద ఆయన సంపాదించిందంతా చెల్లని నోటు కాలేదు గానీ, ఆ నోటు తీసుకునే దుకాణాలు మూతపడ్డాయి.

గుణించడం ఎలాగో 2012 అంకెలతో చేసి చూపిస్తాను, కాగితం పెన్ను తీసుకోండి. ఆ ఏడాది ఎవరు ఆర్థికాన్ని బాగా నడుపుతారంటే రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీకి 49, అప్పటి అధ్యక్షుడు ఒబామాకు 48. ముఖ్యాంశం ఆర్థికం అన్న 59 శాతంలో రామ్నీకి 51, ఒబామాకు 47. ఇంత చదివి ఆగితే రామ్నీ గెలవాలి. మిగతావి కూడా వెయ్యండి. ఆర్థికం: 59 శాతం మందిలో 4 పాయింట్లు, అంటే మొత్తం మీద రామ్నీకి 2.4. లోటు బడ్జెట్: 15 శాతం మంది, 66–32, రామ్నీకి 5.1. వైద్యం: 18 శాతం మంది, 75–24, ఒబామాకు 9.2. విదేశాంగం: 5 శాతం మంది, 56–33, ఒబామాకు 1.15. రామ్నీ మొత్తం 7.5, ఒబామా మొత్తం 10.3. తేడా ఒబామాకు 2.8. అసలు ఫలితంలో తేడా 3.9. ఏ గడిలోనూ పెన్ను పెట్టనివాళ్లు మూడు శాతం ఉన్నారు, అంకెలు పూర్ణసంఖ్యలకు కుదించినవి, కాబట్టి ఇంత దగ్గరగా రావడమే గొప్ప. ఆర్థికంలో ముందున్నవాణ్ణి ఓడించింది వైద్యం బుట్ట.

నమ్మకం ప్రశ్నలో కనబడనిది ఇంకోటి కూడా అదే సర్వేలో ఉంది. ఇప్పటి ఆర్థిక కష్టాలకు ఎవరు బాధ్యులు అంటే మాజీ అధ్యక్షుడు బుష్ అన్నవాళ్లు 53 శాతం, ఒబామా అన్నవాళ్లు 38. అధికారంలో నాలుగేళ్లున్నా తక్కెడలో ఆయన సిబ్బిలో పడాల్సిన బరువులో సగానికి పైగా పాత అధ్యక్షుడి ఖాతాలోకి పోయింది. “మాలాంటివాళ్ల బాధ పట్టించుకునేవాడు” అన్న గుణం ముఖ్యమన్నవాళ్లు 21 శాతం, వాళ్లలో ఒబామాకు 81, రామ్నీకి 18. ఇదే పద్ధతిలో గుణిస్తే 13 పాయింట్ల పైన వస్తుంది. సమర్థుడా అన్నది వేరు, మనవాడా అన్నది వేరు. సర్వేల్లోని “నమ్మకం” చాలామటుకు మొదటిదాన్నే కొలుస్తుంది.

అలాగని భద్రతను తీసిపారెయ్యకండి. 2024 సెప్టెంబర్ గ్యాలప్ సర్వేలో ఉగ్రవాదం, సైనిక ముప్పుల నుంచి దేశాన్ని కాపాడే విషయంలో రిపబ్లికన్లకు 54, డెమోక్రాట్లకు 40. పద్నాలుగు పాయింట్లు చిన్న తేడా కాదు. కానీ విదేశాంగమే ముఖ్యమని ఎగ్జిట్ పోల్‌లో చెప్పినవాళ్లు 4 శాతమే. అయితే సరిహద్దు, వలసలు అన్నవాళ్లు పదకొండు పన్నెండు శాతం, వాళ్లలో పదింట తొమ్మిది మంది ట్రంప్ వైపే. ఆ ఏడాది భద్రత సరిహద్దు వేషంలో వచ్చిందన్నమాట. ఏ ఏటికి ఏ వేషమో చూసుకుని దాని బరువు వెతకాలి.

అన్నిటికన్నా పెద్ద మెలిక పార్టీ నీడ. ఓటరు ముందు నమ్మకం ఏర్పరచుకుని తర్వాత అభ్యర్థిని ఎంచుకుంటాడని మనం అనుకుంటాం. ఎక్కువ మందిలో జరిగేది తలకిందులు: మనిషిని ముందే ఎంచుకుని, ఆ పైన ఏ ప్రశ్న అడిగినా అతని పేరే చెబుతాడు. మిషిగన్ విశ్వవిద్యాలయం నెలనెలా చేసే వినియోగదారుల సర్వేలో ఇది కళ్లకు కడుతుంది. 2016 నవంబర్‌లో ట్రంప్ గెలవగానే ఆర్థికం మీద రిపబ్లికన్ల ఆశ ఎగబాకింది, డెమోక్రాట్లది జారింది. 2020లో తిరగబడింది, 2024లో మళ్లీ తిరగబడింది. ఆ వారాల్లో ధరలేమీ మారలేదు, జీతాలేమీ మారలేదు. అంచేత మొత్తం అంకెలో నూటికి ఎనభై తొంభై మంది జవాబు మీకు కొత్తగా ఏమీ చెప్పదు. గుంపుల వారీగా జవాబులిచ్చే క్రాస్‌టాబ్స్ అనే పట్టికలు తెరిచి ఇండిపెండెంట్లను, అంటే ఏ పార్టీవాళ్లమూ కాదనేవాళ్లను చూడండి. అందులోనూ జాగ్రత్త: తాము ఇండిపెండెంట్లమని చెప్పుకునేవాళ్లు నూటికి నలభై దాకా ఉంటారు గానీ, ఎటు మొగ్గు అని రెండో ప్రశ్న వేస్తే చాలామంది ఏదో పార్టీ పేరు చెప్పేస్తారు. ఎటూ మొగ్గనివాళ్లు పది శాతం అటూ ఇటూ.

ఆ పది శాతం దగ్గరికి వచ్చేసరికి శాంపిల్ అయిపోతుంది. వెయ్యి మంది సర్వేకు లోపపు పరిధి ±3.1 పాయింట్లని కింద రాస్తారు. అది ఒక్కో అభ్యర్థి అంకెకు. ఇద్దరి మధ్య తేడాకు అది దాదాపు రెట్టింపు. 800 మంది సర్వేలో ఆర్థికం మీద 48–43 అని వచ్చిందనుకోండి. ఆ 5 పాయింట్ల ఆధిక్యానికి లోపపు పరిధి ±6.6. దాని మీద, వయసు, చదువు, జాతి సరిపోల్చడానికి వేసే తూకపు సవరణ వల్ల ఇంకొంచెం పెరుగుతుంది. ఆ సవరణ ప్రభావం 1.4 రెట్లయితే, పరిధి దాని వర్గమూలం మేరకు, అంటే సుమారు 1.18 రెట్లు పెరిగి ±7.8కి పోతుంది. అంటే 5 పాయింట్ల ఆధిక్యం ఉందో లేదో ఆ ఒక్క సర్వేతో తేలదు. వంద మంది ఇండిపెండెంట్ల అంకెకైతే ఒక్కో వైపే ±10. గత నెల సర్వేతో పోల్చి “నాలుగు పాయింట్లు పెరిగింది” అని ఎవరైనా అంటే, ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టే.

మన తెలుగువాళ్ల మధ్య తిరిగే మాట గురించి ఒక్కటి. భారత మూలాలున్న ఓటర్లు అమెరికా ఓటర్లలో సుమారు ఒక శాతం. వెయ్యి మంది సర్వేలో పది మంది తగిలితే గొప్ప, అందులో తెలుగువాళ్లు ఇద్దరో ముగ్గురో. పది మంది శాంపిల్‌కు లోపపు పరిధి ±31. కాబట్టి జాతీయ సర్వేను చూపించి “డాలస్ తెలుగువాళ్లు ఆర్థికానికి ఫలానా ఆయన్ని నమ్ముతున్నారు” అనడం గాలి కబురు. పైగా వీసా మీదున్నవాళ్లకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. వాట్సాప్ గ్రూపులో గట్టిగా వాదించేవాళ్లలో ఎందరు పౌరులో ఎవరికీ తెలియదు.

సర్వే పత్రం చేతికొస్తే నేను చూసే వరస చెబుతాను. ముందు ప్రశ్న పాఠం, అక్షరం అక్షరం. “నమ్మకం”, “మెరుగ్గా నడుపుతారు”, “ఆమోదిస్తారా” మూడూ వేరు. జవాబుల్లో “ఇద్దరూ సమానమే”, “ఎవరూ కాదు” పైకి చదివారా లేదా? ఫోనులో ఆ ఎంపికలు చదవరు, మనిషి తనంతట తాను అంటేనే రాసుకుంటారు. ఆన్‌లైన్‌లో తెర మీద కనబడితే చాలామంది నొక్కేస్తారు. అంచేత ఫోను సర్వేను ఆన్‌లైన్ సర్వేతో పోల్చి నమ్మకం పడిపోయిందనకూడదు. తర్వాత ఎవర్ని అడిగారన్నది: పెద్దలందర్నా, నమోదైన ఓటర్లనా, ఓటేసే అవకాశం ఉన్నవాళ్లనా. సెప్టెంబర్‌లో చాలా సంస్థలు రెండోదాన్నుంచి మూడోదానికి మారతాయి. ఆ మార్పుకే రెండు పాయింట్లు కదలొచ్చు, ఓటర్లు కదిలారనుకుంటాం. ఆ తర్వాత ప్రశ్నల వరస. ధరల మీద అయిదు ప్రశ్నలు వేసి ఆరోది “ఎవర్ని నమ్ముతారు” అయితే ఆ జవాబు ఆర్థికం వైపు వంగే ఉంటుంది. చివరికి, ఒకే సంస్థ ఒకే మాటతో అడిగిన నాలుగైదు సర్వేల్ని వరసగా పెడతాను. వేర్వేరు సంస్థలవి కలిపితే తేడా ఓటరుదో సంస్థదో తెలియదు. ఫోను ఎత్తేవాళ్లే కరువైన రోజులివి: ప్యూ సంస్థ ఫోను సర్వేలకు 1997లో నూటికి 36 మంది జవాబిస్తే 2018కి ఆరుగురే మిగిలారు. ఆ ఆరుగురినీ ఒక్కో సంస్థ ఒక్కో రకంగా సర్దుతుంది.

జాతీయ అంకె రాష్ట్రాలకు సరిపోదన్నది అందరికీ తెలిసిందే. 2000లోనూ 2016లోనూ దేశం మొత్తం మీద తక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలిచారు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ లాంటి చోట్ల విడిగా సర్వే ఉంటే దాన్నే చూడండి, చిన్న శాంపిల్ అన్న సంగతి మర్చిపోకుండా.

ఎన్నిక రాత్రి ఎగ్జిట్ పోల్ చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. మన దగ్గర చివరి విడత పోలింగ్ ముగిసేదాకా వాటిని బయటపెట్టడం చట్టరీత్యా నేరం. అమెరికాలో అలాంటి చట్టం లేదు, ఆ రాష్ట్రంలో పోలింగ్ ముగిసేదాకా ఫలితం చెప్పం అని టీవీ సంస్థలే కట్టుబడి ఉంటాయి. 2004లో మధ్యాహ్నమే లీకైన అంకెల్లో కెరీ ముందున్నాడు. తర్వాత విచారిస్తే, బూత్ బయట ప్రశ్నపత్రం నింపడానికి కెరీ ఓటర్లు బుష్ ఓటర్లకంటే ఎక్కువగా ముందుకొచ్చారని తేలింది. శాంపిల్ బూత్‌లలో సగటు తేడా 6.5 పాయింట్లు. రాత్రి గడిచేకొద్దీ అసలు ఓట్లకు సరిపోయేలా ఆ అంకెల్ని తూకం వేసి సవరిస్తారు. దాంతో నమ్మకం అంకెలు కూడా కదులుతాయి. ఒకే ప్రశ్నకు ఒక చోట 52, ఇంకో చోట 53 కనబడటానికి కారణం అదే. రాత్రి తొమ్మిదింటికి తీసుకున్న స్క్రీన్‌షాట్‌తో వాదనకు దిగకండి, రెండు రోజులాగి అదే పేజీ మళ్లీ తెరవండి.